రావాల్సిన డబ్బుకి లియన్ (కాలిఫోర్నియా) – 3వ పాఠం: గడువు లెక్క, క్లెయిమ్ పత్రం

లియన్ అంటే మీకు రావాల్సిన డబ్బు కోసం, మీ సరుకు వాడిన ఆస్తి మీద రికార్డు చేయించే హక్కు. పోయిన పాఠంలో దానికి ముందు పంపాల్సిన ప్రిలిమినరీ నోటీసు (సరుకు ఇస్తున్నామని తెలిపే తొలి నోటీసు) చూశాం. మొదటి లోడు దించిన 20 రోజుల్లోగా యజమానికి, ప్రధాన కాంట్రాక్టరుకి, నిర్మాణానికి అప్పిచ్చిన బ్యాంకు ఉంటే దానికీ పంపాలి. ఆలస్యంగా పంపితే అంతకు ముందు 20 రోజుల్లో ఇచ్చిన సరుకుకీ, ఆ తర్వాతి దానికీ మాత్రమే హక్కు మిగులుతుంది. ఇక అసలు లియన్‌కి వద్దాం. ఫ్రీమాంట్‌లో ఒక ఇంటికి కాంట్రాక్టరు ద్వారా టైల్స్ ఇచ్చిన వ్యాపారిని ఉదాహరణగా తీసుకుందాం.

ముందు తేదీ. లియన్ పత్రం రికార్డు చేయించడానికి ఉండే 90 రోజుల గడువు మీ చివరి ఇన్‌వాయిస్ నుంచి మొదలవదు, మొత్తం పని పూర్తయిన రోజు నుంచి మొదలవుతుంది. పనులు ఆగిపోయి యజమాని ఆ ఇంట్లో ఉండటం మొదలుపెట్టినా పూర్తయినట్టే. వరసగా 60 రోజులు ఎవరూ పని చేయకపోయినా పూర్తయినట్టే. చాలామంది దెబ్బతినేది ఈ చివరి దగ్గరే. గొడవ వచ్చి పని ఆగింది, మళ్లీ మొదలవుతుందిలే అని ఎదురుచూస్తుంటారు, ఈలోగా గడువు కరిగిపోతుంది.

పని 2025 మార్చి 10న పూర్తయిందనుకోండి. 90వ రోజు జూన్ 8, ఆదివారం. సోమవారం మీద ఆశ పెట్టుకోకుండా జూన్ 6 శుక్రవారానికే పత్రం కౌంటీ రికార్డర్ ఆఫీసులో రికార్డు చేయించండి. అయితే యజమాని మార్చి 20న నోటీస్ ఆఫ్ కంప్లీషన్ (పని పూర్తయిందని తెలిపే నోటీసు) రికార్డు చేయిస్తే సరఫరాదారుకీ, సబ్ కాంట్రాక్టరుకీ అక్కడి నుంచి 30 రోజులే. అంటే ఏప్రిల్ 19, శనివారం. యజమానితో నేరుగా ఒప్పందం ఉన్న కాంట్రాక్టరుకైతే 60 రోజులు. మామూలుగా యజమాని ఆ నోటీసు నకలు మీకు 10 రోజుల్లో పంపాలి, పంపకపోతే మీకు 90 రోజులూ ఉంటాయి. కానీ నాలుగు లేదా అంతకంటే తక్కువ యూనిట్లున్న ఇంట్లో సొంతంగా కాపురం ఉండే యజమానికి ఈ బాధ్యత లేదు. మన ఫ్రీమాంట్ ఇల్లు సరిగ్గా అలాంటిదే. అందుకే వారానికోసారి, ఫ్రీమాంట్ ఉన్న అలమీడా కౌంటీ రికార్డర్ సూచికలో యజమాని పేరు మీద వెతకడం తప్పదు.

ఇక మొత్తం. టైల్స్ బిల్లు 18,400 డాలర్లు, ముట్టిన అడ్వాన్సు 6,000, వెనక్కి తీసుకున్న పెట్టెలు 1,150. పత్రంలో రాయాల్సింది 11,250. లాయరు ఫీజు, ఆలస్యం వల్ల వచ్చిన నష్టం ఇందులో కలపకండి. అదే కాంట్రాక్టరు వేరే ఇంటికి వాడిన సరుకు తెలిసీ కలిపితే లియన్ హక్కే పూర్తిగా పోతుంది. డెలివరీ చీటీ మీద కాంట్రాక్టరు గోడౌన్ చిరునామా కాక, ఆ ఇంటి చిరునామా, సరుకు దించుకున్నవారి సంతకం ఉండాలని మొదటి పాఠం నుంచీ చెప్పేది ఇందుకే. రేపు కోర్టులో మాట్లాడేది ఆ చీటీయే.

మిగతా వివరాలు సులువే: యజమాని పేరు, సరుకు రకం, ఎవరు ఆర్డరిచ్చారు, స్థలం గుర్తుపట్టే వివరం, మీ చిరునామా. ‘ఇది నిజం’ అని ధ్రువీకరించి సంతకం చేయాలి. నోటరీ అక్కర్లేదు. చట్టం చెప్పిన హెచ్చరిక పాఠాన్ని మాత్రం 10 పాయింట్లకు తగ్గని బోల్డ్ అక్షరాల్లో, మాట మార్చకుండా పెట్టండి.

ఇక్కడ వరస ముఖ్యం. ముందు నకలు యజమానికి రిజిస్టర్డ్ లేదా సర్టిఫైడ్ మెయిల్లో పంపండి. ఎప్పుడు, ఎక్కడికి, ఎలా పంపారో ప్రమాణపత్రం రాసి అసలు పత్రానికి జతచేయండి. ఆ తర్వాతే ఓక్లాండ్‌లోని రికార్డర్ ఆఫీసుకి వెళ్లండి. రికార్డయ్యాక పంపుదాంలే అనుకుంటే జతచేయడానికి ప్రమాణపత్రమే ఉండదు, అది లేని లియన్ కోర్టులో నిలవదు.

రికార్డయిన రోజు నుంచి ఇంకో 90 రోజులు మొదలవుతాయి. ఆలోగా దావా వేయకపోతే లియన్ చెల్లదు. దావా సంగతి నాలుగో పాఠంలో.

అభ్యాసం: సరఫరాదారు మీరే. ఆఖరి పనివాడు 2026 జనవరి 31న వెళ్లాడు, మళ్లీ ఎవరూ రాలేదు, ఇల్లు ఖాళీగానే ఉంది, యజమాని ఏ నోటీసూ రికార్డు చేయించలేదు. మీ గడువు ఏ రోజు? ముందు 60 లెక్కపెట్టండి, ఆ తర్వాతే 90.