లోడు దిగిన రోజే చల్లేయొద్దు: తొలకరికి ముందు జాగ్రత్తలు

పోయిన వారం పక్క ఊళ్లో పదేళ్ల పిల్లాడి కాలు మోకాలి దాకా కాలింది. ఆ సాయంత్రమే చేను గట్టున ట్రాక్టరు రైసుమిల్లు ఊక బూడిద దించి వెళ్లింది. పైకి మెత్తగా, చల్లారినట్టే ఉంది. బంతి కోసం పరుగెత్తి పిల్లాడు దాంట్లో కాలేశాడు. లోపలంతా నిప్పు. ఊక నిప్పు పైకి కనపడకుండానే రోజుల తరబడి రాజుకుంటూ ఉంటుంది.

ఈ నెలలో ఊళ్లలోకి ఇలాంటి లోడ్లు బాగా వస్తాయి. మిల్లు బూడిద, చక్కెర ఫ్యాక్టరీ ప్రెస్‌మడ్ (చెరకు రసం వడగట్టగా మిగిలే మడ్డి), థర్మల్ కరెంటు కేంద్రాల బొగ్గు బూడిద, ఎరువుల ఫ్యాక్టరీ జిప్సం. వాడొద్దని అనను, నేనూ వాడతాను. కానీ నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఒకే తప్పు వల్ల వచ్చాయి: లోడు దిగిన రోజే చల్లేయడం. కూలీలు ఉన్నారు, మబ్బు పట్టింది, ఎలాగూ కిరాయి కట్టాం, కానిచ్చేద్దాం అనుకుంటారు. కొంప మునిగేది అక్కడే.

ప్రెస్‌మడ్ సంగతి చూడండి. పచ్చిది కుళ్లేటప్పుడు కుప్ప లోపల 60 డిగ్రీలు దాటే వేడి పుడుతుంది. పచ్చిదే చేలో కలిపి వారంలో నారు పెడితే వేళ్లు మాడతాయి. బతికిన మొక్కలూ పసుపెక్కుతాయి, ఎందుకంటే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే లాగేసుకుంటాయి. మా వీధిలో ఒకాయన ఇలాగే రెండెకరాల మిర్చి రెండుసార్లు నాటాడు. పసుపు చూసి యూరియా మీద యూరియా వేశాడు, ఆ ఖర్చు అదనం. రెండు మూడు నెలలు కుప్ప పోసి, తడి ఆరనివ్వకుండా, పదిహేను రోజులకోసారి తిరగేయండి. మధ్యలో గునపం గుచ్చి పది నిమిషాలుంచి తీసి పట్టుకోండి. వెచ్చగా తగిలితే ఇంకా మాగలేదు.

ఇక బూడిద, జిప్సం. రెండూ చౌడుకు మందే అనుకునేవాళ్లు ఉన్నారు. జిప్సం పనిచేసేది కారుచౌడుకు, అంటే సోడియం పేరుకున్న క్షార నేలకు. పాలచౌడుకు, అంటే ఉప్పు తేలిన నేలకు, దానితో పని లేదు, మంచినీళ్లు నిలగట్టి ఉప్పును కడిగి మురుగు కాలువలోకి పంపాలి. బూడిద చాలావరకు క్షారం. పీహెచ్ (క్షార గుణం చెప్పే అంకె) 8.5 దాటిన నేలలో అది చల్లితే ఉన్న రోగాన్ని పెంచినట్టే. థర్మల్ బూడిదలో బోరాన్, ఆర్సెనిక్ లాంటివి కూడా ఉంటాయి. 2021 డిసెంబరు 31న కేంద్రం ఇచ్చిన బూడిద నోటిఫికేషన్‌లోనూ సాగులో వాడకం మట్టి పరీక్షను బట్టే అని ఉంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా కుప్ప గట్టునే ఉండనివ్వండి, కొంపలేమీ అంటుకోవు.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

- లోడు దిగిన రోజే చల్లొద్దు. మళ్లీ చెబుతున్నా.
- ఊక బూడిదను తడపండి, పొడుగు పారతో తిరగేయండి, మళ్లీ తడపండి. పైపైన నీళ్లు చల్లితే లోపలి నిప్పు అలాగే ఉంటుంది. ఎడంగా నిలబడండి, ఆవిరి ముఖానికి కొడుతుంది.
- గడ్డివాము పక్కన దించొద్దు. బావి, బోరు పక్కన అసలే వద్దు.
- గాలి రోజున చల్లొద్దు. మాస్కు పెట్టుకోండి.
- బూడిదలో యూరియా, డీఏపీ కలపొద్దు. నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.
- వేరుశనగకు జిప్సం ఎకరాకు 200 కిలోలు, ఊడలు (కాయ కట్టడానికి మట్టిలోకి దిగే కాడలు) దిగే ముందు. పక్క చేనాయన 400 వేశాడని మీరూ వేయొద్దు.
- డిస్టిలరీ (సారా ఫ్యాక్టరీ) వదిలే వ్యర్థ నీళ్లు నేరుగా చేలోకి పారించొద్దు.
- ఏ ఫ్యాక్టరీదో చెప్పని లోడు, రంగు బురద, మందుల వాసన కొట్టే మట్టి: దించనివ్వొద్దు. ఉచితమన్నా వద్దు. ఎదురు డబ్బులిస్తామంటే అసలే వద్దు.
- మేడ మీద తొట్లకైనా ఇంతే. ఒక వంతు సరుకు, తొమ్మిది వంతుల మట్టి కలిపి పది పెసలు వేయండి. పక్కనే ఉత్త మట్టిలో మరో పది. వారంలో తేడా కనిపిస్తుంది.
- పిల్లల్ని కుప్పలెక్కనివ్వొద్దు. నిన్నటి కుప్పైనా సరే.
- ఎవరైనా కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయండి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు. అంటుకున్న బట్ట లాగొద్దు. బొబ్బలు చిదపకుండా, శుభ్రమైన పొడి గుడ్డ కప్పి ఆస్పత్రికి తీసుకెళ్లండి.