బ్రిటిష్ కాలం నాటి ఇంటిని నిలబెట్టుకోవడం ఎలా?

నెల్లూరు, ఒంగోలు పాత వీధుల్లో సున్నంతో కట్టిన మిద్దెలు, పెంకుటిళ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అలాంటి ఇల్లు మీ వాటాకు వస్తే, కొట్టేసి అపార్ట్‌మెంట్‌కి ఇవ్వమనేవాళ్లే ఎక్కువ. తొందరపడకండి.

1. ముందు కాగితాలు తీయండి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాలు చూపే పత్రం) 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఒంగోలు వాళ్లకు ఒక మాట: ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనూ, ఆ తర్వాత 1970 దాకా గుంటూరు జిల్లాలోనూ ఉండేది. ముత్తాతగారి దస్తావేజులో వేరే జిల్లా పేరుందని కంగారు పడొద్దు.

2. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. పురుళ్లు పోసిన గది ఏది, ధాన్యం ఎక్కడ పోసేవారు, వరండా ఎప్పుడు కలిపారు? ఏ దస్తావేజులోనూ ఇవి ఉండవు. ఈ పని రేపటికి వాయిదా వేయకండి.

3. సెప్టెంబరులోపే పైకప్పు చూసుకోండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తూములు శుభ్రం చేయించండి. గోడలో మొలిచిన రావి మొక్కను పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా తీయించాలి. దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. చెమ్మ, చెదలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

4. గోడలకు సిమెంటు పూయించకండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. సున్నం గోడ పీల్చుకున్న చెమ్మను మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మతో పాటు ఉప్పు లోపలే పేరుకుని ఇటుకను తినేస్తుంది. మా తాతగారి ఇంట్లో మేస్త్రి మాట విని ముందు గదికి సిమెంటు పూయించాం. రెండో వానాకాలానికే పెచ్చులు పెచ్చులుగా ఊడింది, వెనక ఇటుక పొడిపొడిగా రాలింది. ఆ గది చూస్తే నాకు ఇప్పటికీ బాధే.

సిమెంటు బదులు సున్నం పూతే వేయించండి. దానికి బాగా చల్లార్చిన సున్నం ఒక పాలు, ఉప్పు లేని ఏటి ఇసుక మూడు పాళ్లు కలపండి. సముద్రపు ఇసుక అసలు వద్దు. పాతకాలం మేస్త్రులు ఇందులో కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు పోసేవారు. పలచగా పూత వేసి, తడి గోనె కప్పి వారం పాటు ఎండ తగలకుండా చూడండి. అది పూర్తిగా ఆరాక సున్నం వెల్లే వేయండి, ప్లాస్టిక్ పెయింట్ వద్దు.