భార్యాభర్తల పడకగది కథలో వేషం వచ్చిందా? సంతకానికి ముందు ఇవి తేల్చుకోండి

వరంగల్, హన్మకొండల్లో నాటకాలు వేసే అమ్మాయిలకు ఇప్పుడు వెబ్ సిరీస్ ఆడిషన్ కబుర్లు వాట్సాప్‌లోనే వస్తున్నాయి. కథేంటని అడిగితే "భార్యాభర్తల సమస్యలమ్మా, కొంచెం బోల్డ్‌గా ఉంటది" అంటారు, అంతే. ఎంత బోల్డో షూటింగ్ రోజు తెలుసుకుంటే లాభం లేదు. సెలెక్ట్ అయ్యారని ఫోన్ రాగానే అడగాలి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.

ముందు స్క్రిప్ట్ మొత్తం అడగండి. మీ సీన్లు మాత్రమే పంపుతామంటే ఒప్పుకోవద్దు. చదివాక ఆ పడకగది సీన్ తీసేసి ఇంకోసారి చదవండి. ఆ జంట మధ్య ఏం మారిందో అర్థం కాకుండా పోయిందంటే ఆ సీన్ కథకు కావాలి. ఏ తేడా రాలేదంటే అది ట్రైలర్ కోసం పెట్టిందే, మొహమాటం లేకుండా వద్దని చెప్పండి.

ఇలాంటి కథ ఎలా ఉండాలో తెలియాలంటే 2007లో అమెరికాలో హెచ్‌బీఓ అనే టీవీ చానల్‌లో వచ్చిన 'టెల్ మీ యు లవ్ మీ' గురించి తెలుసుకోవాలి. సింథియా మోర్ట్ రూపొందించిన ఆ సిరీస్ పది ఎపిసోడ్లు. పెళ్లికి సిద్ధమవుతున్న జంట ఒకటి, పిల్లల కోసం ప్రయత్నించి ప్రయత్నించి అలసిపోయిన జంట ఒకటి, ప్రేమ ఉన్నా, పిల్లలు ఉన్నా చాలాకాలంగా దగ్గర కాలేకపోతున్న జంట ఇంకొకటి. వీళ్లకు కౌన్సెలింగ్ చేసే డాక్టర్‌గా జేన్ అలెగ్జాండర్ నటించారు. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు, భర్త పాత్రధారితో ఆమెకూ సన్నిహిత సన్నివేశాలున్నాయి. అందులోని సన్నివేశాలు ఎంత సహజంగా ఉన్నాయంటే అవి నిజమా నటనా అని పత్రికలు చర్చ పెట్టాయి, నటనేనని తీసినవాళ్లు చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఆమె పేరుకు ఏమీ కాలేదు. 1969లోనే నాటకాలకిచ్చే టోనీ అవార్డు, నాలుగుసార్లు ఆస్కార్ నామినేషన్, 1993 నుంచి 1997 వరకు అమెరికా జాతీయ కళల సంస్థకు అధ్యక్ష పదవి, ఇంత చరిత్ర ఆమె వెనకాల ఉంది. మొదటి సిరీస్ చేస్తున్న అమ్మాయి వెనకాల అదేమీ ఉండదు, ఆమెకున్న బలం అగ్రిమెంటే.

అందుకే దాని మీద ఎంత టైం పెట్టినా తక్కువే. ఏ బట్టలు తీయాలి, ఎక్కడ ముట్టుకుంటారు, ముద్దు ఉందా, కెమెరా ఎటువైపు ఉంటుంది, మీ బదులు వేరే మనిషి శరీరం చూపించే బాడీ డబుల్ పెడితే మీ అనుమతి తీసుకుంటారా, అన్నీ రాయించండి. ఆ సీన్ అప్పుడు సెట్‌లో ఎవరెవరు ఉంటారు, మానిటర్ ఎవరు చూస్తారు, ఫోన్లు బయట పెడతారా, వాడని ఫుటేజ్ ఏం చేస్తారు అనేవి కూడా. పోస్టర్‌కు, ట్రైలర్‌కు ఆ సీన్ వాడాలంటే విడిగా అడగాలని, ఏఐతో మీ ముఖాన్నీ శరీరాన్నీ మార్చకూడదని రాయించడం మరవద్దు. సీన్ మారితే మళ్లీ రాతలో మీ ఒప్పుకోలు ఉండాలి. మధ్యలో మీరు వద్దంటే ఆపాలి, దానికి పేమెంట్ కోయకూడదు. ఇంగ్లిష్‌లో ఉందని గుడ్డిగా సంతకం పెట్టకుండా హన్మకొండ కోర్టు దగ్గర ఎవరైనా లాయర్‌కు చూపించండి.

ఇంటిమసీ కోఆర్డినేటర్, అంటే ఇలాంటి సీన్లలో నటుల హద్దులు చూసుకునే మనిషి, ఉన్నారా అని అడగండి. 2018లో హెచ్‌బీఓ ఇలాంటి సీన్లున్న తన సిరీస్‌లన్నింటికీ వాళ్లను పెట్టాలని నిర్ణయించింది, మన దేశంలో కూడా ఆ పని చేసేవాళ్లు ఉన్నారు. లేరంటే ఆ రోజు మీ తరఫున మాట్లాడే ఆడమనిషి ఎవరో పేరుతో సహా చెప్పమనండి. ఇక రిహార్సల్ బట్టలతోనే, స్టేజీ మీద మూమెంట్స్ రాసుకున్నట్టు చెయ్యి ఎక్కడ, తల ఎటు, ఎన్ని లెక్కలకు అని కో-యాక్టర్‌తో కూర్చుని రాసుకోండి. కెమెరా ముందు ఎవరూ కొత్తది కలపకూడదు.

అసలు నటన ఆ సీన్‌కు ముందు, తర్వాత ఉంటుంది. భూపాలపల్లిలో సింగరేణి నైట్ షిఫ్టు చేసి తెల్లారి ఇంటికొచ్చే భర్త, అప్పటికే వంటింట్లో ఉన్న భార్య, పక్క గదిలో అత్తమామ, మంచం మీద మధ్యలో పిల్ల. ముందు ఎవరు అటు తిరిగి పడుకున్నారు, ఎన్నాళ్లయింది, ఆ కోపం అన్నం వడ్డించేటప్పుడు ఎలా బయటపడుతుంది, ఇవన్నీ మీ పాత్రకు మీరే రాసుకోవాలి. కథలో జబ్బు ఉంటే డాక్టర్‌ను అడగండి. మగవాళ్లలో అంగస్తంభన సమస్యకు షుగర్ కూడా ఒక కారణం, భయంతో యోని కండరాలు బిగుసుకుపోయి కలయిక నొప్పిగా మారే సమస్య ఆడవాళ్లలో ఉంటుంది. వీటికి చికిత్స ఉంది. ఇవి తెలియకుండా రాసిన డైలాగ్ చెబితే అలాంటి బాధ పడుతున్న ఆడవాళ్లే నొచ్చుకుంటారు, నాకు అది మిగతా అన్నిటికంటే పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

ఇంట్లో మీరే చెప్పండి. ట్రైలర్ చూసి పక్కింటివాళ్లు చెప్పేదాకా ఆగితే అమ్మానాన్నలకు మీ మీద కోపం కన్నా బాధ ఎక్కువవుతుంది. ఏ సీన్ ఉంది, ఎందుకుంది, దానికి ఏ రేటింగ్ ఇస్తారో కూడా చెప్పండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు వయసు రేటింగ్ చూపించి తీరాలి.

హైదరాబాద్‌లో మీటింగులకు పగలే వెళ్లండి. కాజీపేటలో పొద్దున రైలెక్కితే పని చూసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు, రాత్రి డిస్కషన్ అంటే ఫోన్‌లో చాలు. సెట్‌లో ఎవరైనా హద్దు దాటితే తేదీ, టైం, అక్కడున్నవాళ్ల పేర్లు అదే రోజు రాసి పెట్టుకోండి, మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు. పనిచేసేచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.