చావు మాట ఎత్తకుండా మండీ గురించి రాయండి

కథలు రాసే నలుగురు ఆదివారం పూట మీ ఇంట్లో చేరుతున్నారా? అయితే ఉపన్యాసాలు మానేసి, అమెరికా నవలాకారుడు జాన్ గార్డనర్ తన విద్యార్థులకు ఇచ్చిన ఒక అభ్యాసం పెట్టండి. కొడుకు యుద్ధంలో చనిపోయిన తండ్రి కంటికి పొలంలోని కొట్టం ఎలా కనిపిస్తుందో వర్ణించాలి. కొడుకు, యుద్ధం, చావు – ఈ ఊసే రాకూడదు. చూస్తున్న మనిషి కూడా అందులో ఉండకూడదు. ఆ తర్వాత అదే చోటు, అదే వేళ, అదే వాతావరణం. ఈసారి చూసేవాడు ప్రేమలో ఉన్న కుర్రవాడు. ప్రేమ మాట ఎత్తకూడదు.

చోటు మీరే నిర్ణయించండి. తిరుపతిలో ఉన్నాం కదా అని కొండను మాత్రం ఇవ్వకండి. ఇచ్చారా, ‘ఇసుకవేస్తే రాలని జనం’తో మొదలై ‘గోవింద నామస్మరణతో మారుమోగిన గిరులు’ దాకా పేపర్లో చదివిన మాటలన్నీ వరసగా దిగిపోతాయి. మా మేడ గదిలో నేను దామలచెరువు మామిడి మండీని ఇస్తాను. జూన్ నెల, మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉంది, వాన ఇంకా పడలేదు. ఇంతవరకూ అందరికీ ఒకటే.

మొదటిసారి చాలామంది దొంగదారి పడతారు. ‘ఆకాశం కూడా ఏడ్వడానికి సిద్ధంగా ఉంది’ అంటారు. చావు అన్న మాట లేదు నిజమే, కానీ ఏడుపు వచ్చి కూర్చుంది. కొట్టేయండి. మా వాళ్లలో బ్యాంకులో పనిచేసే ఒకావిడ రాసింది చూడండి: ‘కుప్పలో పైకాయలు నిగనిగలాడుతున్నాయి. అడుగున ఉన్నవి నలిగి సొన కారుతున్నాయి. గంప దింపేశారు. కాటా ముల్లు ఇంకా ఊగుతూనే ఉంది.’ ఆ చివరి వాక్యం దగ్గర గదిలో ఎవరూ మాట్లాడలేదు. అదే ఆవిడ ప్రేమికుడి కంటితో రాసినప్పుడు, ముల్లుతో పాటు గుమాస్తా తల కూడా ఊగింది, అందరం నవ్వాం.

దిద్దడంలోనూ గార్డనర్ పద్ధతే నాకు నచ్చుతుంది. 1950ల చివర కాలిఫోర్నియాలోని చీకో కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్న కథకుడు రేమండ్ కార్వర్ దాని గురించి వివరంగా రాశాడు. కథలో పనికిరాని మాటను గార్డనర్ అడ్డంగా కొట్టేసేవాడు. దాని మీద ఇక వాదన లేదు. అనుమానం ఉన్న మాటను బ్రాకెట్లో పెట్టేవాడు. దాని మీద ఇద్దరూ కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. మీరూ ఈ రెండు గుర్తులే వాడండి. ‘బాగుంది, ఇంకా బాగా రాయాలి’ అని కింద రాసే అలవాటు ఉంటే మానుకోండి. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఆ వాక్యం వల్ల ఎవరూ బాగుపడలేదని హామీ ఇవ్వగలను.

ఇంకొకటి. కార్వర్‌కు ఇంట్లో రాసుకునే వీలు లేకపోతే, సెలవు రోజుల్లో వాడుకోమని గార్డనర్ తన ఆఫీసు గది తాళంచెవి ఇచ్చాడు. అద్దె గదుల్లో నలుగురైదుగురు సర్దుకునే విద్యార్థులు మన ఊళ్లో ఎంతమందో! మీకు ఖాళీ గది ఉంటే ఇంకో తాళంచెవి చేయించండి. పాఠం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

గార్డనర్ జీవితం గురించి మాత్రం ముందే చెప్పకండి. అందరూ రెండు వర్ణనలూ రాశాక చెప్పండి. ఆయన 1933లో న్యూయార్క్ రాష్ట్రంలోని బటేవియాలో రైతు కుటుంబంలో పుట్టాడు. 1945లో ఆయన నడుపుతున్న ట్రాక్టరు వెనక ఉన్న బరువైన రోలరు కింద పడి తమ్ముడు గిల్బర్ట్ చనిపోయాడు. అప్పటికి ఈయనకు నిండా పన్నెండేళ్లు లేవు. ఈ అభ్యాసానికీ ఆ ప్రమాదానికీ ముడిపెట్టను. అలాంటి ముడులు వేయడం మనకు మహా సరదా. కానీ 1977లో ఆ ప్రమాదాన్నే కథగా రాసినప్పుడు ఆయన ఏం చేశాడో గమనించండి. తమ్ముడి చావును మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. దాచమని విద్యార్థులకు చెప్పిన మనిషి తన కథలో ఏమీ దాచలేదు. 1982లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో నలభై తొమ్మిదేళ్లకే పోయాడు. కథారచన మీద ఆయన రాసిన పుస్తకం మరుసటి ఏడాది గానీ రాలేదు.

కాబట్టి మూడో వారం నియమం ఎత్తేయండి. అదే మండీ, అదే తండ్రి. చావు మొదటి వాక్యంలోనే రావాలి, ఏడుపు మాత్రం ఎక్కడా రాకూడదు. పేజీ దాటనివ్వకండి.