వలిసె పూల వేళ తేనెటీగల తోటకు

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ ప్రాంతాల్లో తేనెటీగల పెంపకాన్ని చూడదలచినవారు, వలిసె అనే నూనెగింజల చేలు పసుపు పచ్చగా విరగబూసే నవంబరులో, ఎండ కాస్త ఎక్కాక చేరుకోవడం మంచిది. చలి పొద్దున ఈగలు పెట్టె విడిచి రావు. ముందురోజే ఫోన్ చేసి భోజనం కూడా చెప్పి ఉంచాలి, ఎందుకంటే ఊరి పాక హోటళ్లలో మనుషులను లెక్కబెట్టుకునే ఎసరు పెడతారు.

లేత రంగు, నిండు చేతుల దుస్తులు వేసుకోవాలి, అత్తరు పూసుకోరాదు. ఒకసారి నల్ల చొక్కాతో వెళ్లిన నన్ను ఈగలు పాక దాకా సాగనంపాయి. పెట్టె ద్వారానికి అడ్డం రాకుండా పక్కన నిలబడి, పెంపకందారు పొగ పట్టి తేనెపట్టు ఉన్న చట్రాన్ని పైకెత్తినప్పుడు పట్టు గదులపై మైనపు మూత ఉందేమో గమనించండి: మూత పడితే తేనెలో తేమ తగ్గిందని అర్థం, పడకముందే పిండిన తేనె త్వరగా పులుస్తుంది. ఈగ కుడితే ముల్లును నలపక, వెంటనే గోటితో గీకి తీసివేయాలి.

భోజనంలో రాగి అంబలి తప్పక అడగండి. పనీరు కూర కోసం ఇంత దూరం రానక్కరలేదు. కొన్న తేనె చలికి పేరుకుంటే కల్తీ అనుకోకుండా, సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచితే కరుగుతుంది. ఏడాది నిండని పసిబిడ్డలకు మాత్రం నాకించరాదు.