పాఠకులకు కనిపించి మీకు కనిపించని ప్రకటనలు: విడ్జెట్ల సమస్యలు, పరిష్కారాలు

లక్షణం: పాఠకుల ఫోన్లలో పేజీ బెట్టింగ్ సైటుకు పోతోంది, మీ కంప్యూటరులో మాత్రం అంతా సవ్యంగానే ఉంది

టపా తెరిచి రెండు పేరాలు చదివేలోగా పేజీ దానంతటదే ఏదో బెట్టింగ్ సైటుకో, ఫోనుకు వైరస్ సోకిందని బెదిరించే పేజీకో మారిపోతోందని పాఠకులు చెబుతారు. మీరు పదిసార్లు తెరిచి చూసినా ఏమీ జరగదు కనుక లోపం వాళ్ల ఫోన్లలోనే ఉందని అనుకుంటారు. చెప్పినవారు ఒక్కరే అయి, వారికి ఇతర సైట్లలోనూ అదే జరుగుతుంటే ఆ అనుమానం నిజమే కావచ్చు. సంబంధం లేని ఇద్దరు ముగ్గురు అదే మాట చెప్పినప్పుడు మాత్రం ముందుగా వెతకవలసింది మీ బ్లాగు పక్క పట్టీలోని విడ్జెట్లనే, అంటే బయటి సంస్థల నుంచి తెచ్చి అతికించుకున్న చిన్న చిన్న సాధనాలనే.

కారణం

సందర్శకుల లెక్క, వాతావరణం, క్రికెట్ స్కోరు, షేర్ బటన్లు వంటివి పెట్టుకునేటప్పుడు మనం అతికించే ఒకటి రెండు వరుసల కోడులో అసలు ప్రోగ్రాము ఉండదు; అది దొరికే చిరునామా మాత్రమే ఉంటుంది. పాఠకుడు పేజీ తెరిచిన ప్రతిసారీ బ్రౌజరు ఆ చిరునామాకు వెళ్లి, ఆ రోజు అక్కడ ఏది ఉంటే దాన్ని తెచ్చి, మీరే రాసిన కోడుతో సమానంగా నడుపుతుంది. అయిదేళ్ల కిందట ఆ విడ్జెట్ తయారుచేసినవారు ఎంత మంచివారైనా, ఈలోగా ఆ డొమైను (సైటు పేరు) గడువు తీరి మరొకరి చేతికి పోయి ఉంటే, మీ పేజీలో నడిచేది కొత్త యజమాని కోడే.

ఇది ఊహ కాదు. పాత బ్రౌజర్లలో కొత్త సౌకర్యాలు పనిచేసేలా చేసే పాలీఫిల్ డాట్ ఐఓ అనే డొమైను 2024 ఫిబ్రవరిలో ఫన్నల్ అనే చైనా సంస్థ చేతికి వెళ్లింది. దాని నుంచి వచ్చే స్క్రిప్టు (బ్రౌజరు నడిపే చిన్న ప్రోగ్రాము) మొబైల్ పాఠకులను బెట్టింగ్ సైటుకు మళ్లిస్తోందని సాన్‌సెక్ అనే భద్రతా సంస్థ అదే సంవత్సరం జూన్‌లో బయటపెట్టింది. అప్పటికి దాన్ని వాడుతున్న సైట్లు లక్షకు పైమాటే. ఆ కోడు కొన్ని రకాల ఫోన్లలో, కొన్ని వేళల్లో మాత్రమే పనిచేసేది. చూస్తున్నది సైటు నిర్వాహకుడని పసిగడితే ఊరుకునేది. మీకు ఏమీ కనిపించకపోవడానికి కారణం సరిగ్గా ఇటువంటిదే అయి ఉండవచ్చు.

దొంగను పట్టే పద్ధతి

ముందుగా బ్లాగు ఖాతా నుంచి లాగౌట్ అవ్వండి. ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటాతో, ఇన్‌కాగ్నిటో విండోలో, చిరునామా టైపు చేయకుండా గూగుల్ వెతుకులాట నుంచి బ్లాగుకు రండి. ఒకసారి మళ్లించాక మరునాటి దాకా ఊరుకునే స్క్రిప్టులూ ఉంటాయి కనుక ప్రతి ప్రయత్నానికీ కొత్త ఇన్‌కాగ్నిటో విండో అవసరం.

తరువాత కంప్యూటరులో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కి, ఫోను తెరను అనుకరించే సౌకర్యాన్ని ఎంచుకుని, నెట్‌వర్క్ అనే పలకకు వెళ్లండి. అక్కడ ప్రిజర్వ్ లాగ్ అన్న గడిలో టిక్ పెట్టడం మరువకండి. పెట్టకపోతే పేజీ మారగానే ఆధారాల జాబితా కూడా చెరిగిపోతుంది. జాబితాలో పరిచయం లేని డొమైను కనిపిస్తే ఇనీషియేటర్ అన్న నిలువు వరుస చూడండి, దాన్ని పిలిచిన స్క్రిప్టు ఏదో తెలుస్తుంది. ఒక్కొక్క అనుమానిత డొమైనును అక్కడే బ్లాక్ చేసి పేజీని మళ్లీ తెరుస్తూ పోతే ఎక్కడో ఒకచోట మళ్లింపు ఆగుతుంది.

పరిష్కారం

బ్లాగర్ వాడేవారు ముందు థీమ్ బ్యాకప్ తీసుకుని, లేఅవుట్‌లోని ఆ హెచ్‌టీఎంఎల్ గాడ్జెట్‌ను (విడ్జెట్‌కు అక్కడి పేరు) తొలగించాలి. థీమ్ కోడులో కూడా అదే డొమైను పేరు వెతకాలి, ఎందుకంటే పాత ఉచిత టెంప్లేట్లలో ఇటువంటివి ముందే దాగి ఉండటం కద్దు. వర్డ్‌ప్రెస్ అయితే తెలియని నిర్వాహక ఖాతాలు ఏర్పడ్డాయేమో చూసి, పాస్‌వర్డులు మార్చండి. డబ్బు కట్టి కొనవలసిన ప్లగిన్‌ను ఎక్కడో ఉచితంగా దింపుకుని ఉంటే దాన్ని శుభ్రం చేయాలని చూడటం వృథా ప్రయాస, తీసేయడమే మేలు. గూగుల్ ఇప్పటికే హెచ్చరిక తగిలించి ఉంటే సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లోని భద్రతా సమస్యల విభాగం నుంచి పునఃపరిశీలన కోరాలి.

తప్పనిసరిగా ఉంచుకోవలసిన విడ్జెట్ అయితే దాన్ని సాండ్‌బాక్స్ గుణం (లోపలి కోడుకు హద్దులు గీసేది) జోడించిన ఐఫ్రేములో, అంటే పేజీలో పొదిగిన మరో చిన్న పేజీలో, బంధించండి. పై పేజీని మార్చే అనుమతి ఇవ్వనంత కాలం లోపల ఏ కోడు నడిచినా అది పాఠకుణ్ని మరో సైటుకు లాక్కుపోలేదు. ఎప్పుడూ మారని ఫైలైతే స్క్రిప్టు ట్యాగుకు ఇంటెగ్రిటీ హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం) చేర్చవచ్చు, అప్పుడు ఫైలులో ఒక్క అక్షరం మారినా బ్రౌజరు దాన్ని నడపదు. ప్రకటనల స్క్రిప్టులు తరచూ మారుతుంటాయి కనుక వాటికి ఈ ఉపాయం పనికిరాదు.

లక్షణం: పేజీ తెరిస్తే ఫోను వేడెక్కుతోంది, ఫ్యాను రొద పెడుతోంది

పాఠకుల యంత్రాలపై రహస్యంగా క్రిప్టో కరెన్సీ తవ్వే స్క్రిప్టు దూరి ఉండవచ్చు. 2018 ఫిబ్రవరిలో వెబ్ పేజీలను చదివి వినిపించే బ్రౌజ్‌అలౌడ్ అనే విడ్జెట్‌లో ఎవరో కాయిన్‌హైవ్ అనే తవ్వకపు కోడు చొప్పించడంతో నాలుగు వేలకు పైగా సైట్లు ఆ పని చేశాయి. వాటిలో బ్రిటన్‌లో వ్యక్తిగత సమాచార రక్షణను పర్యవేక్షించే కార్యాలయం సైటు కూడా ఒకటి. వెతికే పద్ధతి, విరుగుడు పైన చెప్పినవే.

లక్షణమే లేని సమస్య

ఏ ప్రకటనా రాకపోయినా పాఠకుల వివరాలు బయటికి పోతుండవచ్చు. షేర్ బటను నొక్కనక్కరలేదు, అది కనిపిస్తే చాలు, పాఠకుడి ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో అతని కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) ఆ బటను ఇచ్చిన సంస్థకు చేరుతుంది. స్క్రిప్టు రూపంలో ఉన్న విడ్జెట్ పేజీ పూర్తి చిరునామాను కూడా చదవగలదు. మధుమేహం గురించో విడాకుల చట్టం గురించో రాసిన టపాను ఎవరు చదివారన్నది మూడో మనిషికి తెలియడం చిన్న సంగతి కాదు. ఒక జర్మన్ దుస్తుల దుకాణం సైటులోని ఫేస్‌బుక్ లైక్ బటను వివాదంలో, సమాచారం సేకరించి పంపడం వరకు సైటు యజమానికీ ఉమ్మడి బాధ్యత ఉంటుందని 2019 జులై 29న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. ఐరోపాలోని తెలుగువారిని ఉద్దేశించి సైటు నడిపేవారు ఆ తీర్పును గుర్తుంచుకోవాలి.

దీనికి విరుగుడు సులువు. స్క్రిప్టు బటన్ల స్థానంలో వాట్సాప్‌కు, ఫేస్‌బుక్‌కు మామూలు లింకులు పెట్టండి. యూట్యూబ్ వీడియోలను youtube-nocookie.com అనే యూట్యూబ్ వారి నోకుకీ డొమైను నుంచి పొదగండి. హిట్ కౌంటరును తీసేసి బ్లాగర్‌లోని సొంత గణాంకాలతో సరిపెట్టుకోండి. (పక్క పట్టీలో మెరిసే ఆ అంకెలు చూసి మురిసిపోవడం మన బ్లాగర్ల పాత బలహీనత అనుకోండి.)

లక్షణం: విడ్జెట్ తీసేశాక కూడా పాఠకులకు ప్రకటనల నోటిఫికేషన్లు వస్తున్నాయి

తీసేసిన విడ్జెట్ ఒకప్పుడు నోటిఫికేషన్లకు అనుమతిగా అలౌ నొక్కమని అడిగి ఉంటుంది. ఆ అనుమతి పాఠకుడి బ్రౌజరులో ఉంటుంది కాబట్టి మీ వైపు నుంచి దాన్ని రద్దు చేసే మార్గం లేదు. క్రోమ్ సెట్టింగులలో సైట్ సెట్టింగులు, అందులో నోటిఫికేషన్లు తెరిచి, పరిచయం లేని పేర్లను తొలగించమని ఒక టపాలో తెలియజేయండి. జాబితాలో మీ బ్లాగు పేరు కోసం వెతకవద్దని కూడా చెప్పండి. బ్లాగర్ వంటి చోట్ల ఈ సేవలు చాలావరకు తమ సొంత డొమైనుకు తీసుకుపోయి అనుమతి అడుగుతాయి కనుక, అక్కడ ఉండేది ఎన్నడూ వినని మరో పేరు.