స్కైరిమ్ నుంచి బాండిట్ దాకా: లెవెల్ పెంచుకునే తీరు
2011లో వచ్చిన స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో ఏ నైపుణ్యాన్ని వాడితే అదే పెరుగుతుంది. అయితే తాళాలు తీయడం ఒక్కటే సాధన చేస్తూ పోతే పాత్ర లెవెల్‌తో పాటు చాలామంది శత్రువులూ బలపడతారు, కత్తి తిప్పడం మాత్రం అలవడదు. అందువల్ల యుద్ధవిద్యను వెనకబడనీయకండి.

ఇక ఒక్కో లెవెల్ దాటుతూ కంప్యూటర్ భద్రతలో తొలి అడుగులు వేయడానికి ఓవర్‌దవైర్ అనే వెబ్‌సైటు వారి ఉచిత ఆట బాండిట్ సరిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా 2220 పోర్టులో ప్రవేశించాక, ఒక లెవెల్‌లో దొరికిన పాస్‌వర్డే తర్వాతి దానికి తాళంచెవి అవుతుంది. 1వ లెవెల్‌లో ఫైలు పేరు ఒట్టి అడ్డగీత! ఫైలులోని రాతను తెరపై చూపే క్యాట్ ఆదేశం పక్కన దాన్ని అలాగే రాస్తే, ఫైలును చూపకుండా మీ కీబోర్డు వైపు ఎదురుచూస్తూ కూర్చుంటుంది. గీతకు ముందు చుక్క, ఏటవాలు గీత చేర్చి (./-) రాయాలి. ఆట మీ పాస్‌వర్డులను దాచిపెట్టదు కనుక వాటిని ఎప్పటికప్పుడు రాసుకోండి.